సుద్దగీత

వికారాబాద్‌లో తాండూరు బస్సెక్కాను. పక్క సీటు పెద్దాయన చొక్కా నిండా బండల పొడి.

"ఏం పని చేస్తవ్ బిడ్డా?" అన్నాడు.

ఆ ప్రశ్న వింటేనే నాకు అలసట. అయినా చెప్పాను.

"లోకమంత నిండి, కంటికి కనబడని పదార్థం ఒకటుందంటరు కాకా. దాని సప్పుడు కోసం ఒక లోహపు డబ్బను, కరెంటు అడ్డం లేకుండ పారేంత సల్లగ చేసి, రేడియో ముల్లు తిప్పినట్టు జర జర జరుపుకుంట వింటం."

"దొరికిందా?"

"ఆరేండ్లాయె. రోజు పుస్తకంల 'ఏం లేదు' అని రాసుడే."

ఆయన నవ్వలేదు.

"నేను గూడ వినేటోన్నే. బండను సుత్తెతోని కొడ్త. మంచిదైతే ఖంగుమంటది. లోపల పగులుంటె సప్పుడు సచ్చిపోతది."

"పగులు దొరకకుంటె?"

"సుద్దగీత పెడ్త. లేకుంటె ఎనకొచ్చేటోడు మల్ల గదే బండ కొడ్తడు గద."

తాండూరులో బస్సు దిగి ఆయన దారిన ఆయన వెళ్లిపోయాడు. పేరైనా అడగలేదు నేను.

మా డబ్బా ఇప్పటికీ పలకలేదు. కానీ పుస్తకంలో 'ఏం లేదు' అని రాయడం మానేశాను. 'ఇక్కడిదాకా విన్నాం' అని రాసి, కింద ఒక గీత పెడుతున్నాను.