మాస్టరు తలలో నీరు

కటింగ్ మాస్టరు దృష్టిలో లోకంలో సగం మంది చేతకానివాళ్లు, మిగతా సగం వాళ్లని నమ్మే వెర్రివాళ్లు. ముప్పై ఎనిమిదేళ్లుగా కోట్లు కత్తిరిస్తున్నాడు. సుద్దగీత మీంచి ఆయన కత్తెర ఏనాడూ పక్కకి జరగలేదు. అలాంటివాడికి అరవై ఆరో ఏట పాదాలు మొండికేశాయి. బల్ల దగ్గర్నుంచి ఇస్త్రీ పెట్టె దాకా వెళ్లాలన్నా, నేలకి జిగురు పూసినట్టు కాళ్లు లేచేవి కావు.

అల్లుడు పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ మహానుభావుడు మాస్టర్ని నాలుగడుగులు నడవమని కూడా అనలేదు.

"పార్కిన్సన్" అన్నాడు, రాసుకుంటూనే.

"నా చెయ్యి వణకదే?"

"అందరికీ వణకదు. మాత్రలు వేసుకోండి."

ఏడాదిన్నర మింగాడు. డోసు పెరిగింది గానీ నడక మారలేదు. పైగా బాత్రూంకి చేరేలోపే ప్యాంటు తడిసిపోయేది. కొలతలు రాసిన కాగితం ఎక్కడ పెట్టాడో గుర్తుండేది కాదు.

"వయసు మావయ్యా, సర్దుకోవాలి" అనేవాడు అల్లుడు, ఫోన్లో చూసి సకల రోగాలూ నేర్చిన పండితుడు.

"నీ బుర్రకి ఏ వయసొచ్చిందని ఇలా అయింది?" అని మాస్టరు మొహం తిప్పుకునేవాడు. కానీ భార్య ఆ ప్యాంట్లు ఉతుకుతుంటే మాత్రం తన మీద తనకే రోత పుట్టేది.

ఓ రోజు నరాల డాక్టరమ్మ ఒకావిడ తెల్లకోటు చేతులు కురచ చేయించుకోడానికి కొట్టుకొచ్చింది. కాళ్లు ఎడంగా పెట్టి ఈడ్చుకుంటూ వస్తున్న మాస్టర్ని చూసి కోటు సంగతే మర్చిపోయి, ఏ జబ్బుకి మందులు వాడుతున్నారని అడిగింది.

"పార్కిన్సన్ అయితే నడిచేటప్పుడు చేతులు ఇంత బాగా ఊగవే! తలకి స్కాన్ తీశారా?"

"చెడింది కాళ్లు కదమ్మా!"

తీస్తే తెలిసింది, మెదడు లోపలి గదుల్లో నీరు నిండి అవి ఉబ్బిపోయాయని. ఆ నీరే వెన్నులోకీ దిగుతుందట, అందుకని నడుము దగ్గర సూదితో కాస్త తీసి, కొన్ని గంటలాగి నడవమన్నారు. వరండా చివరిదాకా వెళ్లి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తిరిగొచ్చాడు. భార్య గోడవైపు తిరిగి ఏడ్చింది. తర్వాత ఆపరేషన్ చేసి, ఆ నీరు పొట్టలోకి దిగేలా చర్మం కింద సన్నటి గొట్టం వేశారు.

రెండు నెలలకి మాస్టరు మూడంతస్తుల మెట్లెక్కి పెద్ద డాక్టరు ఎదుట నిలబడ్డాడు.

"చూశారా, మాత్రలు ఎలా పనిచేశాయో!" అన్నాడాయన.

"కొలత తియ్యకుండా గుడ్డ కోసేవాణ్ణి నా కొట్లో ఊడవడానికి కూడా పెట్టుకోను" అనేసి మాస్టరు మెట్లు దిగొచ్చేశాడు.

ప్యాంటు ఇప్పుడు తడవడం లేదు. మతిమరుపు మాత్రం పూర్తిగా పోలేదు. కొలతలు భార్య రాస్తుంది, రెండుసార్లు పైకి చదువుతుంది. "నేనేమన్నా పసిపిల్లాణ్ణా?" అని విసుక్కుంటూనే, మూడోసారి కూడా చదివించుకుంటాడు.