పలుగురాళ్ల దారి

నేను ఐదో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ని. మ్యాపు చదవడం రాదు. అందుకే మా కొండ మీద దారి ఉందని నాకు తెలుసు. బాగా చదువుకున్న ఫారెస్టు రేంజరుకు తెలియదు.

పందొమ్మిదివందల అరవైల్లో మాట. వరసగా రెండేళ్లు వేరుశనగ చేలు ఎండిపోయాయి. మా ఇళ్లలో పొయ్యి వెలిగిందంటే కొండ పుణ్యమే. సీతాఫలాల కాలంలో మా అవ్వ, నేను, వీధిలోని ఆడవాళ్లు కొండెక్కి, పైనున్న గవిలో రెండు మూడు రోజులుండి, పళ్లు కోసుకుని గంపలతో దిగేవాళ్లం. గవి అంటే గుహ. లోపల ఎండాకాలంలోనూ ఇంకని ఊట.

దారిలో సగం నున్నటి బండ. దాని మీద కాలిగుర్తు పడదు. అందుకని ఎక్కే ప్రతి మనిషీ కింది వంకలోంచి, అంటే వాగులోంచి, ఒక తెల్లటి పలుగురాయి తీసుకుపోయి, బండ మీది రాళ్ల వరసలో వెలితి కనిపించిన చోట పెట్టాలి. ఆ వరసే మాకు దారి. రాయి తేనివాడికి గవిలో నీళ్లు కూడా పుట్టవు.

ఆ ఏడు రేంజరు వచ్చి కొండ మొదట్లో ముళ్లకంచె వేయించాడు.

"మ్యాపులో ఇక్కడ దారి లేదు" అన్నాడు.

"మ్యాపులో మా అవ్వ కూడా లేదు సార్. ఈడనే నిలబడి ఉండాది, చూడండి" అన్నాను.

అవ్వ నా నెత్తిన ఒక మొట్టికాయ వేసి, "దారి లేదంటావేమప్పా? ఎక్కి చూద్దువు రా" అని ఆయన్ని పిలిచింది.

ఆయనకు పౌరుషం వచ్చింది. "గవిదాకా దారి కనిపిస్తే కంచె తీయిస్తా. లేకపోతే ఇక ఒక్కరూ ఎక్కకూడదు."

పైన పళ్లు పండి రాలుతున్నాయి. కింద గంపలు ఖాళీ. అవ్వ సరేనంది.

బండ దగ్గరికి చేరాం. ఒక్క రాయి లేదు. ఎవరో అడవిలో హద్దులు పాతుకుంటున్నారనుకుని, రేంజరు ముందురోజే అన్నీ లోయలోకి తోయించాడట.

"ఏదయ్యా మీ దారి?" అన్నాడు నవ్వుతూ.

అవ్వ ముందుకొచ్చింది. చెప్పులు విడిచి చంకలో పెట్టుకుని, అరికాళ్లతో బండను తడుముతూ నడిచింది. చిన్నప్పటినుంచీ ఎక్కుతున్న కాళ్లు. ఎక్కడా తడబడకుండా మమ్మల్ని గవి ముందు నిలబెట్టింది.

"నాకు కనిపించింది ముసలామె. దారి కాదు. కంచె ఉంటుంది" అనేసి రేంజరు ఒక్కడే దిగిపోయాడు.

కాసేపటికి లోయ వైపునుంచి కేక. దారి తప్పి, కిందికి దూకలేక, పైకి ఎక్కలేక ఒక బండ అంచున కూర్చుని ఉన్నాడు.

"మ్యాపు తీసి చూడండి సార్" అని నేనూ కేకేశాను.

"నోరు మూసుకోని పోయి ఆయప్పను తోడుకోని రారా" అంది అవ్వ. పోయి చెయ్యి అందించాను. ఆ చెయ్యి పట్టుకునే ఆయన కిందిదాకా దిగాడు. కంచె మాత్రం తీయించలేదు.

మర్నాడు పొద్దున్నే ఆడవాళ్లందరూ వచ్చారు. పళ్లు కోసే కొంకికర్రలతో ముళ్లకంప పక్కకు లాగారు. ప్రతి చేతిలోనూ ఒక పలుగురాయి. రేంజరు అడ్డం నిలబడ్డాడు. అవ్వ తన రాయి ఆయన ముందుకు చాపింది.

"మోస్తావా, పక్కకు జరుగుతావా నాయనా?"

జరిగాడు.

ఆ రోజు నేను రెండు రాళ్లు మోశాను. ఒకటి వెలితి ఉన్న చోట పెట్టాను. రెండోది ఆయన దారి తప్పిన మలుపులో పెట్టాను. మళ్లీ రాళ్లు తోయించడానికి ఎక్కితే, క్షేమంగా దిగిపోవాలి గదా.