డాక్టరమ్మ దగ్గర మా బావ కుదిర్చిన సంబంధం

మా బంధువుల్లో ఎవరింట పెళ్లి జరిగినా, భోజనాల దగ్గర పెరుగు వడ్డించే వేళకి ఒక కథ మొదలవుతుంది. "బందరులో డాక్టరమ్మ దగ్గర రత్నం బావ చేసిన నిర్వాకం విన్నారా?" అని ఎవరో ఒకరు అందుకుంటారు. విస్తరి ముందు కూర్చున్న రత్నం బావ తలవంచుకుని నవ్వుతాడు. నిజం చెప్పడు. ఆయన చెప్పడు కాబట్టి నేను చెప్పాలి. ఆ రోజు నిండా మునిగింది మా బావే. వెనకనుంచి తోసింది మాత్రం నేను.

ముందు నా సంగతి. నేను గుడివాడలో ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. ఊళ్లో సగం మంది రక్తంతో నాకు దగ్గర పరిచయం ఉంది. ఆ రక్తం మోసే మనుషులతోనే లేదు. ఎవరి షుగర్ ఎంతో చెప్పగలను కానీ, వాళ్లు బజార్లో ఎదురై "ఏమండీ, బాగున్నారా?" అంటే ఏం చెప్పాలో తోచక పక్క సందులోకి తిరిగిపోతాను. గుడివాడలో నాకు తెలియని సందు లేదంటే కారణం అదే.

సునీత అని నాకొక భార్య ఉండేది. తోట్లవల్లూరు అమ్మాయి. ఏడాది తిరక్కుండానే పుట్టింటికి వెళ్లిపోయింది. గొడవేమీ లేదు. వెళ్తూ వెళ్తూ, "మీరు చెడ్డవారు కాదండీ. కానీ ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టు లేదు," అంది. అప్పుడు నేను ఇంట్లోనే ఉన్నాను, ఆమె ఎదురుగానే.

ఆ తర్వాత చాలా ఏళ్లకి ఫోనులో ఒక వీడియో చూశాను. ఆటిజం ఉన్న తన కొడుకు గురించి ఒకావిడ చెబుతోంది. శబ్దాలు పడవంది, కొత్తవాళ్లు పడరంది, అన్నంలో కూర కలిస్తే ముట్టడంది. వింటుంటే ఎవరో నన్ను వెనకనుంచి ఫొటో తీసినట్టనిపించింది. పెద్దవాళ్లకి కూడా ఈ పరీక్ష చేస్తారని తెలిసింది. వారానికోసారి బందరు వచ్చే మానసిక వైద్యురాలు ఒకావిడ ఉన్నారంటే వెళ్లాను. నాకు కావలసింది ఒక్కటే. ఇన్నేళ్లూ అందరూ అన్నట్టు నేను పొగరుబోతునా, లేక దీనికి వేరే పేరేదైనా ఉందా?

ఆవిడ అన్నీ ఓపిగ్గా విని, "వచ్చేసారి మీ చిన్నతనం చూసినవాళ్లని ఒకరిని తీసుకురండి. అమ్మగారైతే మరీ మంచిది," అన్నారు.

అమ్మ లేదు. అక్క మోకాళ్లు బస్సెక్కనివ్వవు. స్నేహితులు... ఆ కాలమ్ మీరే ఖాళీగా వదిలేసుకోండి. మిగిలింది రత్నం బావ, అక్క భర్త. దివిసీమలో కొబ్బరితోట చూసుకుంటూ, చర్చిలో సంఘపెద్దగా ఉంటాడు.

ఇక్కడ మా బావ గురించి ఒక మాట. మావైపు పెళ్లి సంబంధం వస్తే అవతలివాళ్లు మనిషి గురించి వాకబు చేస్తారు కదా! ఆ వాకబు ఎటు తిరిగొచ్చినా చివరికి మా బావ అరుగు మీదకే చేరుతుంది. ఆయన నోట్లో పడితే మెల్లకన్ను ఓరచూపవుతుంది, బద్ధకం నిదానమవుతుంది, నత్తి మితభాషిత్వమవుతుంది. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. ఆ పెళ్లి నిలవాలంటే ఎన్ని నిజాలు కావాలో మాత్రం చెప్పకుండా వెళ్లిపోయారు.

బందరు బస్టాండులో దిగేసరికి బావ ముందే వచ్చి ఉన్నాడు. మల్లెపువ్వులాంటి పంచె, ఇస్త్రీ లాల్చీ, చేతిలో బందరు లడ్డు పెట్టె.

"లడ్డెందుకు బావా?"

"ఉత్త చేతుల్తో వెళ్తామేంట్రా? సరే, ఆవిడేం అడుగుతుంది? నేనేం చెప్పాలి?"

ఇదిగో పాఠకులారా, ఇక్కడ ఆగండి. "ఉన్నదున్నట్టు చెప్పు బావా" అనడానికే నేను నోరు తెరిచాను. కానీ రాత్రంతా ఒక ఆలోచన నన్ను తినేసింది. పక్కన కూర్చుని, నా గురించి ఒక మనిషి మాట్లాడుతుంటే వినబోతున్నాను. అలా విని ఎన్నాళ్లయిందో! తిట్లు వినడానికి బస్సు టికెట్టు పెట్టుకోవాలా అనిపించింది.

"మంచి మాటలే చెప్పు బావా," అన్నాను.

మా బావ ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "ఆ సంగతి నాకు చెప్పాలంట్రా!"

డాక్టరమ్మ గదిలో కూర్చోగానే ఆవిడ అడిగారు. "చిన్నప్పుడు తోటిపిల్లలతో కలిసి ఆడుకునేవారాండీ?"

"ఆడుకోవడమాండీ? వీడు వస్తే తప్ప ఊళ్లో ఆట మొదలయ్యేది కాదు!"

అది నిజమే. క్రికెట్టుకి వికెట్లు దొరక్కపోతే నన్నే నిలబెట్టేవారు. కదలకుండా నిలబడతానని మంచి పేరుండేది.

"పెద్ద శబ్దాలంటే ఇబ్బంది పడేవారా?"

"అబ్బెబ్బే! శబ్దమంటే ప్రాణమండీ వీడికి. చర్చిలో డోలక్ పక్కనే కూర్చునేవాడు."

సరిగ్గా అప్పుడే కింద రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టింది. నా రెండు చేతులూ చెవుల మీదకి వెళ్లిపోయాయి. బావ ఏమాత్రం తొణక్కుండా నా మోచెయ్యి కిందికి లాగి, "తలనొప్పండీ. బస్సు ప్రయాణం," అన్నాడు.

"తిండి విషయంలో పట్టింపులేమైనా?"

"ఏది పెడితే అది తింటాడండీ. గొడ్డులాగా!"

"ఎదుటివాళ్ల ముఖం చూసి మాట్లాడతారా?"

"చూసే మాట్లాడతాడండీ. కళ్లలో కళ్లు పెట్టి!"

ఆ సమయానికి నేను గోడమీది స్విచ్చుబోర్డుతో కళ్లలో కళ్లు పెట్టి ఉన్నాను.

అంతటితో ఊరుకున్నాడా? పూనకం వచ్చినవాణ్ణి దిగమంటే దిగుతాడా? "సిగరెట్టు లేదు, మందు లేదండీ. మా మావగారి కొబ్బరితోటలో వాటా ఉంది. పెద్దలంటే గౌరవం, దైవభక్తి..."

"అవి నేను అడగలేదండీ," అన్నారు డాక్టరమ్మ.

"మీరడగరమ్మా. మర్యాదస్తులు. మేమే చెప్పుకోవాలి."

ఆవిడ పెన్ను మూసి బల్ల మీద పెట్టారు. నావైపు చూసి నవ్వారు. "మీవాళ్లు చెప్పిన ప్రకారం మీ అంత కలుపుగోలు మనిషి కృష్ణా జిల్లాలోనే ఉండరు. మరి నా దగ్గరికి ఎందుకొచ్చారు?"

బావ గెలిచినవాడిలా నావైపు తిరిగాడు. నేను వచ్చింది ఒక్క ప్రశ్నకి జవాబు కోసం. ఆ తలుపు నేనే మూయించుకున్నాను. అంతకంటే వింతేమిటంటే, అంతసేపు అన్ని మంచి మాటలు విన్నా ఒక్కటీ నన్ను తాకలేదు. ఆ పొగడ్తల్లో ఉన్నవాడెవడో చాలా మంచివాడు. నాకూ వాడితో స్నేహం చేయాలనిపించింది. కానీ వాడు నేను కాదు.

"బావా," అన్నాను. "తోట్లవల్లూరులో సునీత వాళ్ల నాన్నగారికి కూడా నువ్వు ఇవే మాటలు చెప్పావు కదూ?"

బావ ఒళ్లోని లడ్డు పెట్టె మూత సర్దడం మొదలుపెట్టాడు.

"ఆయన తప్పేం లేదండీ," అన్నాను డాక్టరమ్మతో, అంటే స్విచ్చుబోర్డుతో. "మంచివే చెప్పమని నేనే చెప్పి తీసుకొచ్చాను."

ఆవిడ బావని మెల్లగా అడిగారు. "అవన్నీ పక్కన పెట్టేయండి. ఈయన్ని మీరు మొదటిసారి ఎప్పుడు చూశారు?"

బావ కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"నా పెళ్లిలోనండీ. అప్పటికి వీడింకా బళ్లో చేరినట్టు లేదు. అవతల బ్యాండుమేళం మోగిపోతోంది. పెళ్లికూతురి తమ్ముడు కనపడ్డం లేదని గోల. కాలవల్లో వెతికారు, గడ్డివాముల్లో వెతికారు. మా అత్తగారు సొమ్మసిల్లిపోయింది. చివరికి వంటవాడు పరిగెత్తుకొచ్చాడండీ. అన్నం వండే పెద్ద గుండిగ ఖాళీ అయితే కడిగి బోర్లించకుండా పక్కన పెట్టారంట. అందులో ఉన్నాడు వీడు. మోకాళ్లలో తలపెట్టుకుని."

"మరి బయటికి తీశారా?"

"తియ్యబోయారండీ. మా మావగారు చెయ్యెత్తారు కూడా. నేనడ్డం పడ్డాను. వంగి అడిగితే వీడొకటే మాట అన్నాడండీ. 'ఇక్కడ బాగుంది' అని. సరేలే అని, గాలాడేలా మూత ఓరగా పెట్టి, పక్కనే నిలబడ్డాను. మేళం ఆగేదాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వలా."

"పెళ్లికొడుకు మీరే కదండీ?"

"ఆఁ. అందరూ ఫొటోలకి పిలుస్తున్నారు. మీ అక్క... వీళ్లక్క ఒక్కతే నిలబడి ఉంది. అయినా నేను కదల్లేదండీ." కండువా మళ్లీ భుజాన వేసుకున్నాడు. "ఇది ఎవరికీ చెప్పలేదమ్మా. చెబితే వీడికి పిల్లనెవరిస్తారు?"

నాకా పెళ్లి గుర్తే లేదు. గుండిగ గుర్తుంది. లోపల చల్లగా ఉండడం, చప్పుడు దూరంగా వినపడ్డం గుర్తున్నాయి. బయట ఒక మనిషి కాపలా ఉన్నాడని మాత్రం ఆ రోజే తెలిసింది. ఇన్నేళ్లూ లోపల ఒక్కణ్ణే ఉన్నాననుకున్నాను.

ఆ తర్వాత ఇంకొన్నిసార్లు రమ్మన్నారు, ఇంకా ఏవేవో పరీక్షలు చేశారు. ఆఖరిసారి బావని కూడా తీసుకెళ్లాను. మళ్లీ అదే పంచె, మళ్లీ లడ్డు పెట్టె.

"ఆటిజమేనండీ," అన్నారు డాక్టరమ్మ. "పుట్టుకతో వచ్చిన తీరు. పొగరూ కాదు, మీ తప్పూ కాదు."

నేను స్విచ్చుబోర్డు వైపు చూస్తూ ఉండిపోయాను. అది కాస్త మసకగా కనిపించింది. బావ కుర్చీలో ముందుకి జరిగి, గొంతు సవరించుకున్నాడు.

"అయితే ఖాయమైనట్టేనాండీ?"

"ఖాయమేనండీ."

"ఇక మాట తిరుగుండదు కదా?"

"ఉండదు."

"దేవుడికి స్తోత్రం. ముందు నోరు తీపి చేసుకోండమ్మా!" అని లడ్డు పెట్టె విప్పేశాడు.

జీవితంలో రెండోసారి మా బావ నాకు సంబంధం కుదిర్చాడు. ఇది మాత్రం నిలిచింది.

కనుక బంధుమిత్రులందరికీ ఇందుమూలంగా తెలియజేయునది. ఆ రోజు నిర్వాకం నాది. ఇకపై నా గురించి మంచి మాటలు చెప్పమని ఎవరినీ అడగనని, మా చర్చి గంట మీద, నా మైక్రోస్కోపు మీద, మిగిలిన లడ్డు మీద ప్రమాణం చేస్తున్నాను. తోట్లవల్లూరుకి కూడా ఒక ఉత్తరం రాశాను. అందులో మంచి మాట ఒక్కటీ లేదు. అంతా నిజమే.

వచ్చే నెల బావ మనవరాలి పెళ్లి. బ్యాండుమేళం కూడా ఉందట. "రారా," అన్నాడు ఫోనులో. "గుండిగ కడిగించి పెడతాను."

"పట్టను బావా."

"పట్టకపోతే పక్కన కూర్చో. నేను నిలబడతాలే."