మామ మాట ఉన్న బిళ్ల

మా ఇంట్లో కంప్యూటర్ సంగతులు తెలిసిన మనిషిని నేనే. ఈ పదవి ఎవరూ ఇవ్వలేదు, నాకు నేనే తీసుకున్నాను. ఉట్నూర్‌లో ఒక ఆఫీసులో పొద్దంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం నాది. శనివారం బస్సు దిగి కరీంనగర్ పక్కన మా ఊరికి చేరగానే, మా అవ్వ, అంటే అమ్మ, చాయ్ కన్నా ముందు ఏదో ఒక రిపేరు చేతిలో పెడుతుంది. పక్కింటివాళ్ల ప్రింటర్ కూడా నా నెత్తి మీదే. ఆ గర్వంతోనే మా నాన్న బాపుకి మాటిచ్చాను.

"ఫికర్ చెయ్యకు బాపూ, మామ వీడియో నీకు పెద్ద స్క్రీన్ మీద సూపిస్త."

మామ మాకు చుట్టం కాదు. కార్ఖానాలో బాపు పక్క సాంచ మీద పనిచేసిన మనిషి. సాంచ అంటే మరమగ్గం. ఒక్క షెడ్డులో అన్ని సాంచలు ఆడుతుంటే పక్కవాడి చెవిలో అరిచినా వినపడదు. అందుకని అక్కడివాళ్లు పెదవులు కదిపి, కనుబొమ్మలు ఎగరేసి, గొంతు లేకుండానే మాట్లాడుకుంటారు. ఆ మోతకి బాపు చెవులు ఎప్పుడో పోయాయి. ఇంట్లో మేము ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడి ఊరంతా వినేలా అరవాలి. మామతో ఆ బాధ లేదు. సాయంత్రం ఇద్దరూ మా అరుగు మీద కూర్చుని చప్పుడు లేకుండా గంటలకొద్దీ ముచ్చట పెట్టేవారు. ఉన్నట్టుండి నవ్వు మాత్రం బయటికి వచ్చేది. కొత్తగా ఆ దారిన పోయేవాళ్లు ఆగి, వీళ్లకేమైందా అని చూసిపోయేవారు. పెదవులు చదవడంలో తనను మించినోడు లేడని బాపు గొప్పలు పోయేవాడు. మేమూ నమ్మేవాళ్లం.

కార్ఖానా మూసేసే రోజు నేను ఫోన్‌తో అక్కడ వీడియో తీశాను. దాంట్లో వినపడేది సాంచల దడదడ ఒక్కటే. బాపు వంగి తెగిన పోగు ముడేస్తుంటే, వెనకనుంచి మామ బొటనవేలితో ఆయన్ని చూపిస్తూ, నా ఫోన్ వైపు తిరిగి ఏదో అన్నాడు. పక్కనున్న ఇద్దరు పొట్ట పట్టుకుని నవ్వారు. బాపు లేచి తిరిగేసరికి అంతా అయిపోయింది.

"ఏమన్నవురా?" అని అడిగాడు బాపు.

"నీ బిడ్డ ఫోన్‌ల ఉన్నది. పోయి సూస్కో" అన్నాడు మామ.

బాపు ఫోన్‌లో చూశాడు. మామ మొహం వేలిగోరంత ఉంది, పెదవులు ఎక్కడున్నాయో తెలియలేదు. పెద్దది చేస్తే ఆ చిన్న తెర మీద ఆయన కళ్లకి అంతా మసక. ఇక అక్కడినుంచి మామకి అదొక ఆట అయిపోయింది. బాపు రోజూ అడిగేవాడు, మామ రోజూ చెప్పనని తల అడ్డంగా ఊపేవాడు. అట్లా ఊపుతూ ఊపుతూ, ఒక మధ్యాహ్నం అన్నం తిని ఒరిగిన మనిషి మళ్లీ లేవలేదు. నవ్విన ఇద్దరూ అప్పటికే పని కోసం భివండి పోయారు. ఫోన్ చేసి అడిగితే, "ఏమన్నడో యాదికి లేదక్కా" అన్నారు.

బాపు ఏడవలేదు. మాట్లాడటమే తగ్గించేశాడు. ప్రతి శనివారం నేను చెప్పులు విడవకముందే, "ఆ వీడియో తెచ్చినవా బిడ్డా?" అని అడిగేవాడు.

తేవడానికి అది ఎక్కడుందని? ఫోన్ నిండిపోయిందని వీడియోలన్నీ ల్యాప్‌టాప్‌లోకి మార్చాను, ఫోన్ పాతదైందని ఇచ్చేసి కొత్తది తీసుకున్నాను, వానాకాలంలో ల్యాప్‌టాప్ చచ్చింది. ఆదిలాబాద్‌లో మెకానిక్ దాన్ని విప్పి, నడిమివేలు పొడుగున్న పచ్చటి బిళ్ల ఒకటి నా చేతిలో పెట్టాడు. అదే ఎస్‌ఎస్‌డి. "మీ సామానంత గిండ్లనే ఉన్నది మేడం. ఒక డబ్బా కొని దాంట్ల పెట్టి, ఏ కంప్యూటర్‌కైనా తగిలించుకోండ్రి" అన్నాడు. ఆ 'ఏ కంప్యూటర్‌కైనా' అన్న మాట తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా ఇంటి కంప్యూటర్ నేను డిగ్రీ చదివేటప్పటిది. అవ్వ దానికి కుట్టుపూల గుడ్డ కప్పి, టీవీ కన్నా ఎక్కువ మర్యాదగా చూసుకుంటుంది. కరీంనగర్‌లో ఒక దుకాణంలో డబ్బా కొని తెచ్చి, బిళ్లని దూర్చబోయాను. దూరలేదు. బిళ్లకి గాటు ఒకచోట ఉంటే, డబ్బాలో దానికి తగలాల్సిన పన్ను ఇంకోచోట ఉంది.

బాపు కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. "ఆకురాయి పట్టుకొస్త. జర గీకితే దిగుతది."

నేను బిళ్లని రెండు చేతులతో గుండెకి అదుముకున్నాను. ఈ బిళ్లల్లో రెండు రకాలుంటాయని, ఒకదాని డబ్బా ఇంకోదానికి పనికిరాదని ఆయనకి అరిచి చెప్పాను. వీధిలో పోయే కూరగాయల ఆమెకి కూడా సమజైంది. బాపు మాత్రం ఆకురాయి తెచ్చి జేబులో వేసుకున్నాడు, మళ్లీ బయట పెట్టలేదు.

తర్వాతి శనివారం దుకాణంలో డబ్బా మార్చుకున్నాను. "ఏ రకమో మీరు చెప్పలే గద మేడం" అన్నాడు అతను. "మీరు అడగలే గద" అన్నాను నేను. ఈసారి బిళ్ల బుద్ధిగా దిగింది. కానీ డబ్బాతో వచ్చిన వైరుకి రెండువైపులా సన్నమూతి. మా కంప్యూటర్‌కి ఉన్నవన్నీ పాతకాలపు వెడల్పు మూతులు. అవ్వ ఫోన్ చార్జర్ వైరు పీకి పెట్టాను. నీలం లైటు వెలిగింది. అవ్వ చప్పట్లు కొట్టింది. కంప్యూటర్‌కి మాత్రం ఏమీ తెలియదు. ఆ వైరు కరెంటు మోస్తుంది గానీ మాట మోయదని నాకు అప్పుడు వెలిగింది.

సరైన వైరు తెచ్చి, ముందువైపు పోర్టులో పెట్టాను. డ్రైవ్ గుర్తు స్క్రీన్ మీద కనపడి మాయమైంది. మళ్లీ కనపడింది, మళ్లీ మాయం. టార్చి వేసి పోర్టులోకి చూస్తే లోపల పసుపు. దసరాకి కార్ఖానాలో సాంచలకి పూజ చేసినట్టే అవ్వ ఇంట్లో కంప్యూటర్‌కి కూడా చేస్తుంది. ఏటేటా పెట్టిన పసుపూ కుంకుమా ఆ సందులోకి దిగి గట్టిపడ్డాయి.

"పండుగ పూట దానికి బొట్టు పెట్టొద్దా మరి?" అంది అవ్వ, నేనేదో పాపం మాట అన్నట్టు.

వైరుని వెనకవైపు పోర్టుకి మార్చాను. అంతే, డ్రైవ్ తెరుచుకుంది. వీడియో అక్కడే ఉంది. ఇక చూపించడమే తరువాయి అని మీరనుకుంటారు. అవ్వ కూడా అదే అనుకుంది. కానీ నాకొక నియమం ఉంది. ఉన్నది ఒకటే ప్రతి కాబట్టి ముందు మొత్తం కాపీ, తర్వాతే సినిమా. బిళ్లలో ఉన్నదంతా పట్టి కాపీ నొక్కి అన్నానికి పోయాను. వచ్చి చూస్తే కాపీ సగంలో ఆగి ఉంది. డబ్బా ఉన్నచోటే ఉంది, లైటు వెలుగుతూనే ఉంది. మళ్లీ మొదలుపెట్టి స్నానానికి పోయాను. మళ్లీ ఆగింది. బాపు పక్కనే కుర్చీలో కూర్చుని, "అయితలేదా?" అన్నట్టు జాలిగా చూశాడు.

ఇక నాకు పట్టుదల వచ్చింది. డబ్బా లోపలి చిప్‌కీ మా పాత కంప్యూటర్‌కీ పడటం లేదని తేల్చాను. కరెంటు ఆదా చేసే సెట్టింగులన్నీ ఆపాను. ఇంకో వైరు కొన్నాను. బస్సులో కూర్చుని ఎవరెవరో రాసిన సలహాలు చదువుకుంటూ, మహా పండితురాలిలా తల పంకించాను. ఒక ఆదివారం కాపీ పెట్టేసి, అట్లాగే వదిలి ఉట్నూర్ బస్సెక్కాను.

సోమవారం ఆఫీసులో ఉండగా అవ్వ వీడియో కాల్ చేసింది.

"కంప్యూటర్ ఏదో అడుగుతున్నది బిడ్డా. అవునని నొక్కాల్నా?"

ఫోన్ స్క్రీన్ వైపు తిప్పమన్నాను. 'ఈ డిస్క్‌ని వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా?' అని ఉంది. అంటే ఉన్నదంతా తుడిచేయనా అని అడుగుతోంది. అవ్వ వేలు మౌస్ మీదే ఉంది.

"నొక్కకు! అవ్వా, నొక్కకు!" ఆఫీసంతా నా వైపు తిరిగింది.

"ఎందుకు గట్ల మొత్తుకుంటవ్? పాపం మంచిగనే అడుగుతున్నది గద" అంది అవ్వ.

అప్పుడు కనపడింది నాకు. అవ్వ వెనకనుంచి బాపు నింపాదిగా వచ్చాడు. డబ్బా మీద అరచెయ్యి ఆనించాడు. కాసేపు అట్లాగే ఉంచి, మొహం చిట్లించి, వైరు పీకాడు. డబ్బాని తీసుకుపోయి నీళ్ల కుండ మూత మీద పెట్టాడు.

"అవ్వా, బాపు ఏం చేస్తున్నడు?"

"సల్లవెడుతున్నడు. సల్లగైనంక మళ్ల పెడుతడు. రోజు చేసేదే గద."

చిప్పు కాదు, వైరు కాదు, సెట్టింగు కాదు. వారాల తరబడి నేను వెతికిన జబ్బుకి కళ్లద్దాలూ, జేబులో ఆకురాయీ ఉన్నాయి.

ఆ శనివారం ఎదురుగా నిలబడి అడిగాను. బాపు ఏమాత్రం తగ్గలేదు.

"శెయ్యి పెడితే ఆడుతలేదు. ఊరికె కాలుతున్నది. మోటర్ ఆడకుంట కాలితే ఏమన్నట్టు? పట్టేసినట్టు. సూడంగనే బంద్ జెయ్యాలె, లేకుంటె మాడిపోతది. నీ సామాను కాలిపోతుంటె సూసుకుంట కూసోమంటవా?"

చెవులు పోయిన మనిషికి మిషన్ బతికి ఉందో లేదో చెప్పేది చెయ్యే. ఏ సాంచ దగ్గరైనా ఆయన చేసింది సరైన పనే. పైగా ఎవరి వీడియో అందులో ఉందో తెలిసి చేశాడు, కాలిపోకుండా కాపాడుకున్నాడు. నాకు కోపం రావాలి, రాలేదు. ఇందులో ఏదీ తిరగదు బాపూ, వేడెక్కడం దీని తీరు అని చెప్పాను. తిరగని మిషన్ ఎక్కడుంటుందని ఆయన నమ్మలేదు. చివరికి టేబుల్ ఫ్యాన్ తెచ్చి డబ్బా మీదికి తిప్పి పెడితే రాజీపడ్డాడు.

పని మధ్యలో అన్నిసార్లు పీకడం వల్ల డ్రైవ్ లోపలి లెక్క తప్పింది, అందుకే కంప్యూటర్ ఫార్మాట్ అంటోంది. ఆ తప్పులు వెతికి సరిచేసే మరమ్మతు కంప్యూటర్‌లోనే ఉంటుంది. దాన్ని నడిపించి కూర్చున్నాను. అందులో ఆ వీడియో లేకపోతే ఆయన మొహం ఎట్లా చూడాలో నాకు తెలియలేదు. బాపు ఫ్యాన్ జరగకుండా పట్టుకుని నిలబడ్డాడు. ఫోల్డర్లు ఒక్కొక్కటే తేలాయి. కొన్ని పోయాయి. మామ ఉన్నాడు.

ఈసారి ఆ ఒక్క వీడియోనే కాపీ చేశాను. చాయ్ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. మొదటి రోజే ఈ ముక్క నీకు తోచలేదా అన్నట్టు అవ్వ నన్ను చూసింది. నేను గోడ గడియారం వైపు చూశాను.

వీడియో పెట్టాను. సాంచల మోతకి ఇల్లంతా అదిరింది. తెర మీద మామ మొహం తాంబాళమంత ఉంది. బాపు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "మళ్ల పెట్టు" అన్నాడు. మళ్లీ పెట్టాను. "ఇంకోసారి." ఆయన పెదవులు కూడా మామ పెదవులతో కలిసి కదలడం మొదలుపెట్టాయి.

"ఏమంటున్నడు బాపూ?"

బాపు చేత్తో వీడియో ఆపమన్నాడు. తర్వాత మామ మాటలు ఒక్కొక్కటే పైకి అన్నాడు.

"వీనికి నేను చెప్పేది సగం సమజ్ కాదు. అయినా అంత సమజైనట్టు తలకాయ ఊపుతడు. నాకు ఎర్కే. గిన్నేండ్ల సంది ఎర్క లేనట్టె చెప్పుకుంట వస్తున్న."

అవ్వ ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. పెదవులు చదవడంలో అంత మొనగాడి పరువు మా ముందే పోయింది. బాపు కూడా భుజాలు కదిలేలా నవ్వి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. వీడియో మామ మొహం మీద ఆగి ఉంది. దాని వైపు వంగి, పక్కింటికి కూడా వినపడేంత గట్టిగా అన్నాడు:

"నీకు ఎర్కని నాకు గూడ ఎర్కేరా. ఊపకపోతె యాడ ముచ్చట బంద్ జేస్తవోనని ఊపిన."