మైకులో దాచిన రహస్యం

ఒక మనిషి రహస్యాన్ని ఎంత భక్తిగా బయటపెట్టవచ్చో తెలుసుకోవాలంటే నన్ను అడగాలి. నా వల్ల నరసాపురంలో ఒక మేనేజరు చేపల పులుసు ముందు నుంచి లేచిపోయాడు, ఒక ఆరడుగుల మనిషి రొయ్యల మేత బస్తాల వెనక కాపురం పెట్టాడు. తుఫానుకైనా ఇంత పనికి ఒక పూట పడుతుంది. నాకు నాలుగు నిమిషాలు పట్టింది, అదీ కళ్లు మూసుకుని.

అప్పటికి నాకు ముప్పయ్యేళ్లు. మా రొయ్యల మేత కంపెనీకి హైదరాబాదు నుంచి ఒక కాగితం వచ్చింది. ఉద్యోగులు భయపడకుండా మనసులో మాట చెప్పుకోవడానికి ప్రతి బ్రాంచిలో ఒక మనిషి ఉండాలట. విన్నది ఆ మనిషిని దాటి పోకూడదట. మా మేనేజరు జాన్‌బాబు గారు ఆఫీసంతా ఒకసారి కలయజూసి నా దగ్గర ఆగారు. "కరుణ గారూ, మీరు ప్రార్థనాపరులు కదండీ. మీ దగ్గర మాట దాగుతుంది" అన్నారు. వినయంగా తల వంచాను. లోపల మాత్రం ప్రవక్తగా పిలుపు అందుకున్నంత సంబరం.

టేబుల్ మీద ఒక పూలకుండీ, ఒక టిష్యూ డబ్బా పెట్టుకుని ఎదురుచూశాను. మూడు వారాలు ఎవరూ ఏడవలేదు. టిష్యూలు మాత్రం టిఫిన్లు తిన్న చేతులు తుడుచుకోవడానికి అయిపోయాయి. నాలుగో వారం, గోడౌన్లో లోడు చీటీలు రాసే వీర్రాజు వచ్చాడు. మేత బస్తాను దిండు ఎత్తినట్టు ఎత్తే మనిషి, కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ఎవరికీ చెప్పరు కదండీ?"

"నేనూ, ఆ పైవాడూ. అంతే."

సంగతి ఇది. చీటీలో తప్పు దొర్లితే జాన్‌బాబు గారు అందరినీ పోగుచేసి, ఆ చీటీని రాసినవాడి చేతే చదివిస్తారు. "చదవండి, గట్టిగా చదవండి" అంటారు. ఒకసారి అలా చదివాక వీర్రాజుకు చేతులు వణకడం మొదలైంది. సారు బండి చప్పుడు గేటు దగ్గర వినబడగానే వెళ్లి బస్తాల వెనక నిలబడుతున్నాడు. వణికే చేతులతో రాస్తే మళ్లీ తప్పు, మళ్లీ చదవడం. ఉద్యోగం మానేసి మొగల్తూరు వెళ్లిపోదామనుకుంటున్నాడు. "చేపల చెరువు మీద కాపలా ఉంటానండి. చేపలు చదవమనవు కదండీ" అన్నాడు.

నేను చేయవలసింది జాన్‌బాబు గారితో నెమ్మదిగా మాట్లాడటం. కానీ ఆయనంటే నాకూ భయమే. అందుకని ఆయనకంటే పై అధికారికి విన్నవించుకోవాలని నిశ్చయించుకున్నాను.

మా చర్చిలో ఆదివారం ప్రసంగం అయ్యాక ప్రార్థన మనవులు చెప్పే అలవాటుంది. మైకు అందుకుని "పేరు చెప్పను, దేవునికి తెలుసు" అని మొదలుపెట్టాను. ఈ మాట వినబడితే కునుకు తీస్తున్నవాళ్లు కూడా నిటారుగా కూర్చుంటారని మీలో చర్చికి వెళ్లేవాళ్లకు తెలుసు. పేరు నిజంగానే చెప్పలేదు. ఆఫీసూ చెప్పలేదు. ఎత్తు చెప్పాను, బస్తాలు చెప్పాను, బండి చప్పుడు, చేతుల వణుకు, "గట్టిగా చదవండి", అన్నీ చెప్పాను. ప్రభువుకు వివరాలు తక్కువవుతాయేమోనని నా బెంగ.

అప్పుడు మూడో వరుసలోంచి శాంతమ్మ గారు లేచి, ఆ మనవికి తాను ప్రార్థన చేస్తానన్నారు. ఆవిడ జాన్‌బాబు గారి తల్లి. ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ క్షణంలో మళ్లీ తెలిసింది. ఆవిడ కొడుకు ఇంట్లో గొంతెత్తి ఎరగడు, ఇక అనుమానం ఎక్కడ వస్తుంది? ఆ మేనేజరు రాతిగుండెను బద్దలు చేయమని, గర్వం అణచమని కన్నీళ్లతో పది నిమిషాలు వేడుకున్నారు. "వాణ్ణి కన్నతల్లి ఎవరోగాని, ఆవిణ్ణి ఆదరించు తండ్రీ" అని ముగించారు. అందరూ ఆమేన్ అన్నారు. నేను మైకు వైరు చుట్టుకుంటూ కూర్చున్నాను.

జాన్‌బాబు గారు క్రిస్మస్‌కీ ఈస్టరుకీ తప్ప చర్చికి రారు. ఆ ధైర్యంతోనే సోమవారం ఆయన పిలిస్తే గదిలోకి వెళ్లాను.

"నిన్న భోజనాల దగ్గర మా అమ్మ ఎవరో మేనేజరు గురించి చెప్పిందండి. చదివిస్తాడంట."

"అలాంటివాళ్లు చాలామంది ఉంటారండి."

"ఒకాయన బస్తాల వెనక దాక్కుంటాడంట."

"అన్ని ఆఫీసుల్లోనూ బస్తాలుంటాయి సార్."

"బ్యాంకులో ఉంటాయాండీ?"

ఆయన కోప్పడలేదు. చేపల పులుసు ముద్ద సగంలో వదిలేసి లేచానని, ఎందుకని అమ్మ అడిగితే చెప్పలేకపోయానని మాత్రం అన్నారు. ఆ రోజు నుంచి ఎవరూ బెదరకూడదని గేటు దగ్గరే ఇంజను ఆపి, బండిని నెట్టుకుంటూ లోపలికి రావడం మొదలుపెట్టారు. దాంతో ఆయన ఎప్పుడొస్తారో తెలియక వీర్రాజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా బస్తాల వెనకే ఉండిపోయాడు.

అక్కడికే వెళ్లి నా తప్పు ఒప్పుకున్నాను. వీర్రాజు ఒక బస్తా దులిపి నాకు కూర్చోవడానికి వేశాడు.

"దేవుడికి చెబితే పర్లేదండి. మైకులో చెప్పారు."

తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించాలన్న బోధను సండే స్కూలు పిల్లలకు ఏటేటా వల్లె వేయించేది నేనేనని అతనికి చెప్పలేదు.

ఈసారి మొదటే చేయవలసిన పని చేశాను. అతన్ని వెంటబెట్టుకుని జాన్‌బాబు గారి గదికి వెళ్లి, నా తప్పు ముందు చెప్పి పక్కకు తప్పుకున్నాను. వీర్రాజు ముందుకొచ్చి, "బండి ఇంజను ఆపకండి సార్. చప్పుడుంటే ఎక్కడున్నారో తెలుస్తుందండి" అన్నాడు.

జాన్‌బాబు గారు నవ్వబోయి, ఆగి, తల దించుకున్నారు. ఇక ఎవరి చేతా చదివించనన్నారు. చదివించలేదు కూడా. చేతుల వణుకు తగ్గడానికి రెండు నెలలు పట్టింది. వీర్రాజు మొగల్తూరు వెళ్లలేదు. చీటీల్లో తప్పులు ఇప్పటికీ రాస్తాడు, కాకపోతే తానే తెచ్చి చూపిస్తాడు.

ఒట్టు పెట్టుకోకూడదని నాకు చిన్నప్పుడే నేర్పారు గనక, ఒట్టు అనకుండానే సభాముఖంగా తీర్మానిస్తున్నాను. నా చెవిన పడ్డ మాటను ఇకపై తలుపు గడియపెట్టి, కొళాయి తిప్పి మాత్రమే ప్రభువుకు విన్నవిస్తాను. మైకు ముట్టను.

ఆ ఆదివారం తర్వాత ఒక్కసారి తప్ప ముట్టలేదు కూడా. ఆ మేనేజరు తన కొడుకేనని ఇంకా తెలియక, అతను మారేదాకా ఆదివారాలు ఉపవాసం ఉంటానని శాంతమ్మ గారు పట్టుబట్టారు. ఇంట్లో పొయ్యి వెలగదు. మూడో వారం జాన్‌బాబు గారు నా టిష్యూ డబ్బా ముందు కూర్చుని, "ఎవరికీ చెప్పరు కదండీ" అని మొదలుపెట్టి, ప్రార్థన ఫలించిందని మైకులో చెప్పమని బతిమాలారు. చెప్పవలసింది ముందుగా కాగితం మీద రాసి, సరిచూడమని ఆయన చేతిలో పెట్టి, రహస్యం అతనిది గనక వీర్రాజును కూడా పిలిచాను. జాన్‌బాబు గారు పెదవులు కదుపుతూ లోలోపల చదువుకోబోయారు.

వీర్రాజు గొంతు సవరించుకున్నాడు. "చదవండి సార్. గట్టిగా చదవండి."