జైతూన్‌బీ అడిగిన మాఫీ

జైతూన్‌బీకి కోపం ఎక్కువని పాలకొల్లులో ఆవిడ వీధిలో అందరికీ తెలుసు. కూరగాయల బండివాడు కూడా ఆవిడ గుమ్మం ముందుకొచ్చేసరికి గొంతు తగ్గించుకుంటాడు. అలాంటి మనిషి ప్రతి గురువారం మధ్యాహ్నం మసీదు పక్కన మేడమీది హాల్లో కూర్చుని, కోపం గురించీ అసూయ గురించీ నోటి దురుసు గురించీ ఆడవాళ్ళకి పాఠాలు చెబుతుంది. ఇందులో వింతేముందని ఆవిడే అడుగుతుంది. మందుల పేర్లు జబ్బున్నవాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తాయంటుంది.

ఆ పాఠాలు వాళ్ళ నాన్నవి. ఆయన మౌల్వీ. పాత అరబ్బీ గ్రంథాలు ఎక్కడెక్కడో తిరిగి చదువుకొచ్చి, అదే హాల్లో ఉర్దూలో చెప్పేవాడు. వినేవాళ్ళలో సగంమందికి అర్థమయ్యేది కాదు, అయినా భక్తిగా తలలూపేవారు. తెర వెనక కూర్చుని విన్న జైతూన్‌బీకి అంతా అర్థమైంది. ఆయన పోయాక ఆ చెప్పడమేదో తెలుగులోనే చెబుదామని మొదలుపెట్టింది. నఫ్స్ అనే మాటకి నిఘంటువు వెతక్కుండా, "లోపల కూర్చుని ఇంకా కావాలి, ఇంకా కావాలి అని పీకే గొంతు" అని చెప్పేస్తుంది. ఆడవాళ్ళు లేసు దారపుండలు ఒళ్ళో పెట్టుకుని, చేతులతో అల్లుకుంటూ చెవులు ఆవిడకి అప్పగిస్తారు. పక్కింటి వీరవేణి హిందువే అయినా లేసు సంచీ పట్టుకుని వాళ్ళతోపాటే వచ్చి కూర్చుంటుంది. కోపాలూ అసూయలూ మా ఇంట్లో మాత్రం లేవేంటండీ అంటుంది. మసీదు హాలు కాబట్టే చాలా ఇళ్ళలో మగవాళ్ళు ఆడవాళ్ళని గుమ్మం దాటనిచ్చేవారు. ఆ హాలు పోతే పాఠం పోయినట్టే.

ఆ హాలు మీద కరీముల్లా కన్ను పడింది. ఇతగాడు మసీదు కమిటీ సెక్రటరీ, బస్టాండు దగ్గర టైల్స్ షాపు యజమాని. పెద్దల బోధలన్నీ ఈ కాలంవాళ్ళకి నచ్చేలా కురచగా కత్తిరించి, వెనకాల సూర్యోదయం బొమ్మ పెట్టి, రోజూ పొద్దున్నే ఊరంతటికీ వాట్సాప్‌లో పంపుతాడు. చొక్కా కుట్టమంటే చేతులు కోసేసి ఇచ్చే రకం. ఒకరోజు జైతూన్‌బీ నాన్నగారి మాటనే పంపాడు: కోపం మింగితే మనసు చల్లబడుతుంది. అంతే. "ఆ చల్లదనం కోసమే మింగావా, అయితే నువ్వింకా దేవుడి కోసం కాదు, నీకోసమే మింగుతున్నావు" అని ఆయన తర్వాత అనే మాట ఎగిరిపోయింది. దాని స్థానంలో సముద్రం బొమ్మ, గులాబీ పువ్వు. ఆ ఫోను చూసిన పూట జైతూన్‌బీ అన్నం సహించక లేచిపోయింది.

పైగా గురువారాలు హాలు తనకి కావాలని కమిటీలో పెట్టాడు. విజయవాడ నుంచి సూటు వేసుకున్న ఒకాయన వచ్చి, పెద్దల బోధలతో ఒత్తిడి లేని జీవితం ఎలాగో తెర మీద చూపిస్తాడట. మౌల్వీగారి కూతుర్ని పొమ్మనడానికి కమిటీ పెద్దలకి నోరు రాలేదు. ఆవిడంతట ఆవిడ మానుకుంటే నీ ఇష్టం అన్నారు.

ఆ కబురు తెలిసిన గురువారం జైతూన్‌బీ పాఠం పక్కన పెట్టి కరీముల్లాని దులిపేసింది. "దీన్ గురించి, మన మతం గురించి వీడా చెప్పేది? వాళ్ళమ్మ పోయి, జనాజా లేవబోతుంటే వాకిట్లో నిలబడి ఫోను చూసుకుంటున్నాడు. ఈ కళ్ళతో చూశాను" అంది. ఆడవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు ఆవిడకి ఎంతో హాయిగా అనిపించింది.

పై వారం నాన్నగారి వరసలో వచ్చిన పాఠం, మనిషి లేనిచోట ఆడిపోసుకోవడం గురించి. వరస మార్చే అలవాటు ఆవిడకి లేదు. ఉన్నమాటే అయినా ఆ మనిషి వింటే బాధపడేది వెనకాల అనకూడదనీ, లేనిమాటైతే అది నింద, మరీ పెద్ద పాపమనీ చెప్పింది. అన్నవాళ్ళు చేసుకున్న పుణ్యం తీర్పు రోజున పడ్డవాళ్ళ ఖాతాలోకి వెళ్ళిపోతుందనీ చెప్పింది.

వీరవేణి అల్లిక ఆపింది. "పిన్నిగారూ, అయితే మొన్న కరీముల్లాగారి గురించి మీరన్నదో?"

జైతూన్‌బీకి వీరవేణి సంచీ, సూదులూ అన్నీ కిటికీలోంచి విసిరెయ్యాలనిపించింది. కానీ అడిగింది న్యాయమైన ప్రశ్న.

"అదీ ఆ పాపమే," అంది చివరికి.

"మరి దానికి మందేంటండీ?"

మందు రెండు రకాలు. వెళ్ళి ఆ మనిషినే మాఫీ అడగాలని కొందరు పండితులన్నారు. అతనికి ఇంకా తెలియకపోతే చెప్పి కొత్తగా గాయం చెయ్యొద్దు, ఎక్కడ చెడ్డ అన్నావో అక్కడే మంచి అను, అతని కోసం ప్రార్థించు అని మరికొందరన్నారు. ఆ రెండో మాట ఆ పూట జైతూన్‌బీకి పరమాన్నంలా ఉంది. కానీ వీరవేణి ఆ దారి కూడా మూసేసింది.

"ఆయనకి తెలిసిపోయిందండి. మా ఆడపడుచు ఆ షాపులోనే కదా చేసేది. మొన్నే ఎవరో చేరేశారంట."

మర్నాడు పొద్దున్నే జైతూన్‌బీ టైల్స్ షాపుకి వెళ్ళింది. దారి పొడుగునా తిట్టుకుంటూనే వెళ్ళింది, పైకి కాదు, లోపల. కరీముల్లా కుర్చీలోంచి లేవలేదు.

"రండి ఖాలా. బాత్రూం టైల్సా, హాల్‌కా?" అన్నాడు. ఖాలా అంటే పిన్ని. ఊళ్ళో సాయిబుల పిల్లలంతా ఆవిడనలాగే పిలుస్తారు. వీడి నోట ఆ పిలుపు వెటకారంగా వినపడింది.

"మాఫీ అడగడానికొచ్చాను. మీ అమ్మ జనాజా రోజు నువ్వు ఫోను చూశావని పదిమందిలో అన్నాను. వెనకాల అనకూడదు. మాఫ్ చెయ్యి."

"చూశాను," అన్నాడు కరీముల్లా. మొహంలో వెటకారం పోయింది. "దువా చూశానండి ఖాలా. నాకు నోటికి రాదు. చిన్నప్పుడు మీ నాన్నగారు బెత్తంతో కొట్టి నేర్పబోతే మళ్ళీ ఆ హాలు మెట్లెక్కలేదు. అమ్మకి ఆఖరిసారి ఆ ప్రార్థన తప్పుల్లేకుండా చదవాలని ఫోనులో పెట్టుకుని చదివాను. అది చూసి మీరంతా నవ్వుకున్నారన్నమాట."

జైతూన్‌బీ ఉన్నమాటే అన్నాననుకుంది ఇన్నాళ్ళూ. లేనిమాట అంది. తల్లి పోయిన కొడుకు మీద నింద వేసింది. సిగ్గేసింది.

"తప్పు చేశాను కరీముల్లా. పెద్ద తప్పే. మాఫ్ చెయ్యి నాయనా," అంది. ఈసారి నిజంగానే అడిగింది.

అతను కాసేపు టైల్ అంచు మీద వేలితో రాస్తూ ఉండిపోయాడు. ఆ కాసేపట్లో అతను మంచివాడైపోతాడేమో అని ఆవిడ ఆశపడింది కూడా. కానీ కరీముల్లా వ్యాపారస్తుడు.

"చేస్తాను. గురువారం నుంచి హాలు మానుకుంటున్నానని కమిటీకి చెప్పండి. వాళ్ళు నాకు ఫోన్ చేసిన మరుక్షణం మాఫ్ చేసినట్టే. లేదంటే తీర్పు రోజున తేల్చుకుందాం. రూలు మీరు చెప్పిందేగా?"

జైతూన్‌బీ అతన్ని చూసింది. సిగ్గు అలాగే ఉంది, దాని పక్కకే కోపం వచ్చి కూర్చుంది. తండ్రి బెత్తం గుర్తొచ్చింది, సముద్రం బొమ్మ గుర్తొచ్చింది, అల్లికలు ఆపి తనవైపు చూసే మొహాలు గుర్తొచ్చాయి. నాన్న ఎప్పుడో చదివించిన నమాజులూ, ఎండల్లో ఉన్న ఉపవాసాలూ, జీవితమంతా కూడబెట్టుకున్నదంతా కళ్ళముందు తిరిగింది.

"అయితే ఆ రోజున నా పుణ్యం నువ్వే తీసేసుకో," అంది. "అడిగేవాళ్ళలో ముందు వరసలో నిలబడు, కాదనను. అది నీ హక్కు. గురువారం మాత్రం నీది కాదు, ఇవ్వను."

గురువారం హాలు మెట్ల దగ్గర సూటాయన బ్యానరు కట్టి ఉంది. జైతూన్‌బీ దాని కిందనుంచి వంగి పైకెక్కి తన చాప మీద కూర్చుంది.

"మొన్న నేనన్నది ఉన్నమాట కాదు," అని మొదలుపెట్టింది. "ఆ పిల్లాడు వాళ్ళమ్మ కోసం ఫోనులో దువా చూసి చదువుకున్నాడు. నేను నింద వేశాను. నవ్విన వాళ్ళంతా అది గుర్తుపెట్టుకోండి."

"మాఫ్ చేశారాండీ మరి?" అడిగింది వీరవేణి.

"చెయ్యలేదు. హాలు ఇస్తేనే చేస్తానన్నాడు. ఇవ్వనన్నాను."

వీరవేణి సూదులు ఒళ్ళో పడేసింది. "అంత పెద్దావిడ గుమ్మంలోకెళ్ళి అడిగితే బేరం పెడతాడా? అసలు ఆయన మనిషేనా పిన్నిగారూ, ఆయన..."

"ఆపు," అంది జైతూన్‌బీ. "ఒక్క ముక్క అనొద్దు. వాడికి నేనిచ్చిన పుణ్యం చాలు, మీది కూడా ఇవ్వకండి."