స్కూటర్ ట్యూబూ, వీరేశం ఊపిరీ

గోపన్‌పల్లిలో ఏ బావిలో ఏది పడినా కబురు వీరేశానికే వెళ్లేది. బొక్కెన పడితే వీరేశం, బిందె పడితే వీరేశం, మేక పడితే వీరేశం. ఒకసారి పెళ్లివాళ్ల హార్మోనియం పడితే దాన్నీ తీసుకొచ్చాడు. ఆ తర్వాత అది నోరు విప్పలేదంటే అది ఆయన తప్పు కాదు.

తాతల నాటి నుంచి వస్తున్న పని. గోచీ బిగించి, నీళ్లు కళ్లకద్దుకుని, గుండెల నిండా గాలి పట్టి దూకేవాడు. ఆయన పైకి వచ్చేదాకా ఒడ్డున ఎవరూ మాట్లాడకూడదు. భార్య సత్తెమ్మ ఒక్కతే అందరికీ వినపడేలా లెక్కపెట్టాలి. తండ్రి నూట యాభై దాకా ఉండేవాడు. వీరేశమూ నూట యాభయ్యే. యాభై రెండేళ్లు వచ్చినా అందులో ఒక్కటి తగ్గలేదు. ఈ సంగతి ఆయన కల్లు దుకాణంలో వారానికి నాలుగుసార్లు చెప్పేవాడు. ఎవరైనా అడగాలన్న నియమమేమీ లేదు.

ఒక్క చిక్కు మాత్రం ఉంది. ఈ మధ్య బావులు లోతవుతున్నాయని ఆయన అనుమానం. అడుగుకు చెయ్యి తగిలిందో లేదో, గుండె దబదబమని కొట్టుకుంటోంది. నీళ్లు కూడా వెనకటిలా లేవు, బరువెక్కాయి. లోకంలో ఎన్ని మారాయో ఆయన ఒక్కొక్కటిగా చెప్పగలడు. తన ఊపిరి మారిందేమో అన్న ఆలోచన మాత్రం రాలేదు. ఎలా వస్తుంది? సత్తెమ్మ లెక్క ఉంది కదా.

యూనివర్సిటీ కోసమని ఊరి పక్కన భూములు కొలిచి రాళ్లు పాతుతున్న ఏడాది, పోచయ్య పెద్దబావిలో దూలం విరిగి కరెంటు మోటారు లోపల పడిపోయింది. నలభై అడుగుల నీళ్లు. వీరేశం రెండు రోజుల్లో తొమ్మిదిసార్లు మునిగాడు. మోటారు చేతికి తగులుతోంది, తాడు కట్టేలోపు రొమ్ము పగిలిపోయేట్టు అవుతోంది. తొమ్మిదిసార్లూ సత్తెమ్మ నూట యాభై దగ్గరే ఆపింది. తొమ్మిదిసార్లూ ఆయన ఉత్త చేతులతో వచ్చాడు.

పోచయ్య మంచివాడే. కానీ వరి ఎండుతుంటే ఎంత మంచివాడైనా ఎన్నాళ్లుంటాడు? శుక్రవారం దాకా చూస్తాననీ, ఆ పైన పటాన్‌చెరు నుంచి వేరే మనిషిని పిలిపిస్తాననీ నేల చూపులు చూస్తూ చెప్పాడు. ఆ మాట వీరేశానికి గుండెలో గుచ్చుకుంది. ఒక ఊరి బావిలో పొరుగూరివాడు మునిగి తీశాడంటే, ఆ ఊరి మునిగేవాడు మళ్లీ గోచీ కట్టకూడదు. కట్టినా ఎవరూ పిలవరు. కోతలప్పుడు ప్రతి కళ్లం దగ్గరా వచ్చే ధాన్యమూ ఆగిపోతుంది. ఆ రాత్రి ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

అప్పుడు దిగాడు రామబ్రహ్మం. లింగంపల్లి స్టేషను దగ్గర కిరాయికి ఉంటూ ఫ్యాక్టరీలో ఇంజనీరు పని చేసే కోస్తా మనిషి. విశాఖపట్నంలో పాత సామాన్ల వేలంలో నీళ్లలో గాలి పీల్చుకునే సిలిండరు ఒకటి, దాని నోటి గొట్టంతో సహా కొనుక్కొచ్చాడు. ఫ్యాక్టరీలో మంటలార్పేవాళ్లు పొగలోకి తీసుకెళ్లే సిలిండర్లకు గాలి పట్టే యంత్రం ఉంటే, దీనికీ పట్టించాడు. ఇన్ని చేసినవాడు నీళ్లలో ఎందుకు దిగలేదంటారా? జాతకంలో జలగండం ఉందట. మోకాలి లోతు దాటితే తను పుట్టింటికి పోతానని భార్య పుణ్యవతి ఒట్టు పెట్టించింది. అందుకని రెండేళ్లుగా మునిగే మనిషి కోసం వెతుకుతున్నాడు. వీరేశం సంగతి చెవిన పడగానే స్కూటరేసుకుని వచ్చేశాడు.

వీరేశం మొదట ఒప్పుకోలేదు. పీపా మోసుకుని మునగడానికి తనేమన్నా కిరసనాయిలు అమ్మేవాడా అన్నాడు. శుక్రవారం గుర్తొచ్చి ఒప్పుకున్నాడు.

సిలిండరు ఉక్కుది. వీపున కట్టుకుంటే మనిషిని తిన్నగా అడుగుకు లాగుతుంది. మునగడానికి మంచిదే, తేలడానికే వీల్లేదు. దానికి వీపు మీద గాలి సంచి ఉండాలని రామబ్రహ్మం చెప్పాడు. అవసరమైనప్పుడు ఊదుకోవాలి, వద్దనుకున్నప్పుడు వదిలెయ్యాలి. అలాంటిది బజారులో దొరకదు గనక ట్యూబుల మీద పడ్డాడు.

ముందు లారీ ట్యూబు. పెద్దదైతే భద్రమని అందరూ అన్నారు. గాలి ఊదగానే అది ఒక్క సిలిండరు చుట్టూ రెండు పక్కల నుంచీ ముడుచుకుపోయి, గాలంతా కుడివైపుకు చేరి, వీరేశాన్ని పక్కకు ఒరగదోసింది. సరిచేసుకోబోతే ఎడమవైపుకు తోసింది. ఆ పూట ఆయన నీళ్లలో పొర్లుతూనే ఉన్నాడు. తర్వాత సైకిల్ ట్యూబు తెచ్చారు. అది ఉన్నదీ లేనిదీ తెలియలేదు. వీరేశం మెట్టు పట్టుకుని వేలాడకపోతే మోటారు పక్కనే ఇంకోటి తియ్యాల్సి వచ్చేది.

రామబ్రహ్మం గట్టు మీద కూర్చుని కాగితం మీద లెక్కలు వేసి, లేచి, తన స్కూటరు స్టెప్నీ విప్పాడు. ఆ ట్యూబు పట్టే గాలి ఏడు కిలోల బరువును తేలుస్తుందట. అంతే కావాలట. కమ్మరికి వీరేశం వీపు కొలతిచ్చి ఇనపరేకు కొట్టించారు. రేకుకు బయట సిలిండరు, మధ్యలో ట్యూబు. ఊదుకోవడానికి మేస్త్రీలు మట్టం చూసుకునే రబ్బరు గొట్టం అతికించి, మూతికి పుణ్యవతి బట్టలారేసుకునే క్లిప్పు పెట్టారు. మొదటిసారి ట్యూబు కిందికి కట్టడంతో వీరేశం తల నీళ్లలోనూ, పిరుదులు ఊరి జనం ముందూ ఉండిపోయాయి. నాలుగు వేళ్లు పైకి జరిపి, గాలి ఒకవైపుకు పోకుండా సైకిల్ ట్యూబు పట్టీలు కోసి గట్టిగా చుట్టారు. అప్పుడు కుదిరింది. మనిషి గడ్డం దాకా నిలువుగా తేలి, పొగాకు నమిలేంత నిమ్మళంగా ఉన్నాడు.

సిలిండరు నోటి గొట్టంతో గాలి పీల్చడం గట్టు మీదే నేర్పాడు రామబ్రహ్మం. పైకి వచ్చేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టకూడదు, బుడగలు వదులుతూ మెల్లగా రావాలి, లేకపోతే ఊపిరితిత్తులు చిరిగిపోతాయని మూడుసార్లు చెప్పాడు. వీరేశం మూడుసార్లూ తల ఊపాడు.

శుక్రవారం పొద్దున ఊరంతా బావి దగ్గరుంది. వీరేశం నీళ్లు కళ్లకద్దుకుని, అలవాటు ప్రకారం గుండెల నిండా గాలి పట్టి, గొట్టం నోట్లో పెట్టుకుని మునిగాడు. సత్తెమ్మ లెక్క మొదలుపెట్టింది. సరిగ్గా నూట యాభైకి తల పైకి తేలింది. చేతుల్లో ఏమీ లేదు.

సిలిండరులో గాలి ఎంతుందో చూపే ముల్లును రామబ్రహ్మం చూశాడు. వెంట్రుకవాసి కదల్లేదు.

నలభై ఏళ్లుగా నీళ్లు తగలగానే నోరు బిగించిన మనిషి, వీపున పీపాడు గాలి పెట్టుకుని కూడా బిగించే ఉన్నాడు. పైగా గర్వంగా ఉన్నాడు. “మీ గాలి ముట్టలే సారూ. నా నూట యాభై నాకు సాలు” అన్నాడు.

“నూట యాభై ఏమిటి? అరవై ఎనిమిది సెకన్లే ఉన్నావు వీరేశం” అన్నాడు రామబ్రహ్మం, చేతి గడియారం చూపిస్తూ.

వీరేశం నవ్వాడు. గడియారం చెడిపోయిందన్నాడు. లెక్కలు తప్ప లోకం తెలియని ఆ ఇంజనీరు, కావాలంటే సత్తెమ్మను గడియారం ముందు మళ్లీ లెక్కపెట్టమన్నాడు. సత్తెమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పోచయ్య ఆకాశం వైపు చూశాడు. మిగతావాళ్లు ఎవరి కాళ్లు వాళ్లు చూసుకున్నారు. ఊళ్లో అందరికీ తెలుసు. తెలియనివాడు వీరేశం ఒక్కడే. వానాకాలం మేకల్ని ఇంటికి తోలినట్టు ఆమె అంకెల్ని పరుగెత్తిస్తుంటే, అవి ఆయన నీళ్ల కింద ఉండి విన్నదెన్నడు?

రామబ్రహ్మానికి తను చేసిన పని అప్పుడు అర్థమై, గడియారం విప్పి జేబులో పెట్టుకున్నాడు. ఇక ఏం లాభం?

వీరేశానికి సిగ్గేసింది. దూకినప్పుడల్లా, వచ్చినప్పుడల్లా, కల్లు దుకాణంలో చెప్పినప్పుడల్లా వీళ్లంతా విని ఊరుకున్నారు. మెట్టు మీద కూలబడి నడుం పట్టీ విప్పుకోబోయాడు. పటాన్‌చెరువాణ్నే పిలవమని పోచయ్యకు చెప్పాడు.

సత్తెమ్మ నాలుగు మెట్లు దిగి వచ్చి, ఆయన చేతిని పట్టీ మీద నుంచి తీసేసింది.

“పదేండ్ల సంది నీ ఊపిరి ఎంబడి ఉరుకుతున్న” అన్నది. “ఏడాదికింత జోరుగ లెక్కవెడితి. ఇగ నాతోని గాదు. నీకు ఈపు మీద ఇంత గాలున్నది, నాకేమున్నది? పీల్చుకోరాదూ?”

వీరేశం ఆమె మొహంలోకి చూశాడు. నిజంగానే ఆయాసపడుతోంది. పట్టీ మళ్లీ బిగించుకుని, గొట్టం నోట్లో పెట్టుకుని, ఈసారి గుండెల్లో గాలి పట్టకుండానే మునిగాడు.

పది అడుగుల దగ్గర నోరు విప్పి పీల్చాడు. వచ్చింది. మళ్లీ పీల్చాడు, మళ్లీ వచ్చింది. అడుగున బురదలో మోటారు పక్కకు పడి ఉంది. దాన్ని తడుముతూ తీరిగ్గా తాడుతో ఒక ముడి వేశాడు. గుండె దబదబలాడలేదు. రెండో ముడి, దాని మీద మూడోది వేసి, లాగి చూసి, నీళ్లు ఎప్పటిలాగే తేలిగ్గా ఉన్నాయని ఒప్పుకున్నాడు. బుడగలు వదులుతూ, వాటి వెనకే మెల్లగా పైకి వచ్చి, ట్యూబు ఊదుకుని వెల్లకిలా తేలాడు.

ఒడ్డున లెక్క వినపడలేదు. తల తిప్పి చూస్తే, సత్తెమ్మ బావి మెట్టు మీద గోడకు తల ఆన్చి, నోరు తెరుచుకుని గాఢంగా నిద్రపోతోంది. ఆయన బుడగలు వస్తున్నంతసేపూ చూసి చూసి, అలాగే ఒరిగిపోయిందట.

పోచయ్య తాడు పట్టుకుని జనాన్ని కేకెయ్యబోయాడు. రామబ్రహ్మం ఎన్ని నిమిషాలైందో చెప్పబోయాడు. వీరేశం ఇద్దర్నీ చేత్తో ఆపాడు.

“జర నిమ్మళంగ గుంజుండ్రి” అన్నాడు. “ఆమె పండుకున్నది.”